తాళంచెవి ఎవరి దగ్గరుంది?

కలరా ఉండల వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. నవ్వకండి, నిజంగానే వస్తుంది. పోయిన నెల మా తమ్ముడు చందు కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. పొద్దున్నే వాళ్ళ బెడ్‌రూమ్ క్లోజెట్‌లోంచి పాత నీలం సూట్‌కేసు కిందికి దించి జిప్పు లాగాను. పట్టుచీరల మడతల్లోంచి ఆ వాసన గుప్పుమనేసరికి నా చేతులు ఆగిపోయాయి. అమెరికాలో మేముండే హెర్న్‌డన్ చుట్టుపక్కల ఏ తెలుగింటికి వెళ్ళినా ఇలాంటి సూట్‌కేసు ఒకటి ఉంటుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది, చక్రం ఒకటి ఊడిపోయినది, పారేయడానికి మనసొప్పనిది. అందులో పట్టుచీరలు, వాటి కింద పాత టవల్లో చుట్టిన బంగారం. దొంగలకు దొరకదని మన నమ్మకం. ఇంట్లో పిల్లలకు మాత్రం ఏ మడత కింద ఏ గాజులున్నాయో కంఠతా వచ్చు, ఎందుకంటే ప్రతి ఫంక్షన్‌కీ తీసి పెట్టేది వాళ్ళకే కదా. ఆ సూట్‌కేసులోనే, ఆ గాజుల పక్కనే, మా తమ్ముడు కొంతకాలం తుపాకీ పెట్టాడు.

ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండినప్పుడల్లా ఎస్తేరు ఆంటీ గుర్తొస్తుంది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. మా టౌన్‌హౌస్‌కి కుడివైపు ఇల్లు ఆవిడది. పల్నాడులో ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా మొదలుపెట్టి, నర్సుగానే అమెరికా వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడి ఎమర్జెన్సీ వార్డులో పనిచేసింది. ఆదివారం తెలుగు చర్చికి జరీచీర కట్టుకుని, కింద తెల్లటి నర్సు బూట్లు వేసుకుని బయల్దేరేది. తెల్లవారకముందే గొంతెత్తి కీర్తనలు పాడేది. గోడకి ఇవతల మా నిద్ర ఏమైపోయినా ఆవిడకి పట్టేది కాదు. నా ఆవకాయలో ఉప్పు చాలలేదని మా అత్తగారి ఎదుటే అనేసింది. మైక్రోవేవ్‌లో వేడి చేసిన అన్నం తింటే కీళ్ళు పట్టేస్తాయని గట్టిగా నమ్మేది, ఎంత చెప్పినా వినేది కాదు. కారు నడిపితే వెనకవాళ్ళు హారన్ కొట్టకుండా ఒక్క రోజు గడిచేది కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. కాకపోతే ఆ కోపాన్ని ఎవరి మీద, దేనికోసం చూపించాలో ఆవిడకి తెలుసు. నాకున్న కోపం చాలావరకు ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

మా అమ్మాయి మేఘన మూడో క్లాసులో ఉండగా ఒక శనివారం మొదటిసారి, రాత్రి వేరేవాళ్ళింట్లో పడుకునే స్లీపోవర్‌కి బయల్దేరింది. ఎమిలీ అని తన క్లాస్‌మేట్ వాళ్ళింటికి. నేను బ్యాగు సర్దుతుంటే ఆంటీ కరివేపాకు రెబ్బ పట్టుకుని లోపలికి వచ్చింది. ఎక్కడికి అని అడిగితే చెప్పాను. వాళ్ళమ్మకి ఫోన్ చేశాననీ, బీఫ్, పోర్క్ పెట్టొద్దని చెప్పాననీ, కుక్క కరుస్తుందా అనీ, పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉందా అనీ అన్నీ కనుక్కున్నాననీ గొప్పగా చెప్పుకున్నాను.

“ఇంట్లో తుపాకుందా అని అడిగావా?” అంది ఆంటీ.

“అట్లెట్ల అడుగుతం ఆంటీ? ఏమనుకుంటరో.”

“బీఫ్ పెట్టొద్దని చెప్పేటప్పుడు ఏమనుకుంటారో అనుకోలేదుగా. పిల్ల ఒక ముక్క బీఫ్ తింటే ఏమవుద్ది? కడుపులో తిప్పుద్ది, రేప్పొద్దుటికి సర్దుకుంటది. ఆ రెండోదానితో ఏమవుద్దో నేను డ్యూటీలో చూసి వచ్చా. ఫోన్ తియ్యి.”

నేను ఫోన్ చేసేదాకా కరివేపాకు రెబ్బ పట్టుకుని అక్కడే నిలబడింది. తడబడుతూనే అడిగాను. ఎమిలీ వాళ్ళమ్మ మాత్రం ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఉందనీ, వాళ్ళాయనదనీ, సేఫ్‌లో తాళం వేసి ఉంటుందనీ, బుల్లెట్లు వేరేచోట ఉంటాయనీ చెప్పింది. అడిగినందుకు థాంక్స్ కూడా చెప్పి, మరి మీ ఇంట్లో ఉందా అని తిరిగి అడిగింది. మేము ఇండియన్స్‌మి, మా ఇళ్ళల్లో అలాంటివి ఉండవు అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆంటీ నన్ను ఎగాదిగా చూసింది. “ఇండియన్స్‌కి ఉండవని ఎవరు చెప్పారు నీకు?” అని, కరివేపాకు సింకు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఆవిడ అందరినీ అడిగేది. బర్త్‌డే పార్టీలో కేకు కోస్తుంటే అడిగేది. చర్చిలో భోజనాల దగ్గర సాంబారు వడ్డిస్తూ అడిగేది. అమెరికన్లు తాపీగా జవాబు చెప్పేవాళ్ళు. మొహం ముడుచుకునేది మనవాళ్ళే. “ఆంటీ, మాది డీసెంట్ ఫ్యామిలీ” అన్నాడొకాయన. “ఫ్యామిలీ డీసెంటే నాయనా, దాన్ని ఎక్కడ పెట్టారో చెప్పు” అంది ఆంటీ. ఆయన ప్లేటు పట్టుకుని వేరే టేబుల్‌కి వెళ్ళిపోయాడు. మనవాళ్ళ మర్యాద ఎంత విచిత్రమైనదో చూడండి. పరిచయమైన ఐదు నిమిషాల్లో జీతమెంత అని అడుగుతాం. హెచ్-వన్‌బీనా, గ్రీన్‌కార్డా అని అడుగుతాం. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, పిల్లల్లేరేం అని ఆడపిల్ల మొహం మీదే అడుగుతాం. ఇంట్లో తుపాకీ ఉందా అంటే మాత్రం అది పర్సనల్ అయిపోతుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ పెరట్లో కూర్చుని గోంగూర కోస్తున్నాం. మీకెందుకు ఆంటీ ఇంత పట్టుదల, అందరిచేతా మాటలు పడతారు అన్నాను. కాడలు తుంచి పక్కన పడేస్తూ చెప్పింది.

“మా పక్కన అంతా పత్తి చేలే. పురుగుల మందు డబ్బా మంచం కిందే పెట్టుకునేవాళ్ళు. మొగుడు ఒక మాటన్నాడని, పరీక్ష పోయిందని, కూర మాడిందని అత్త తిట్టిందని… చెయ్యి చాపితే డబ్బా. మా దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళు. గొట్టం వేసి కడిగేవాళ్ళం, ఇంజక్షన్లు చేసేవాళ్ళం. కొందరు పోయేవాళ్ళు. బతికినోళ్ళు కళ్ళు తెరవంగానే ఏం అడిగేవాళ్ళో తెలుసా? పెరుగన్నం. నిన్న సాయంత్రం చావాలనుకున్న మనిషి, పొద్దున్నే పెరుగన్నంలోకి ఊరగాయ ముక్కుందా అనేది.”

డ్యూటీ దిగాక ఊళ్ళు తిరిగేదట. డబ్బా ఇంట్లో పెట్టొద్దు, చేలో కొట్టంలో పెట్టి తాళం వెయ్యండి, తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి అని చెప్పేదట. ఒక ఊళ్ళో పెద్దాయన నవ్వాడట, చావాలనుకున్నోడికి బావి లేదా, చెట్టు లేదా అని.

“మీరేమన్నారు?” అన్నాను.

“ఉన్నాయయ్యా, కాదన్లేదు. కోపం బావిదాకా నడవదు అన్నా. దారిలో ఎవరో ఒకరు పలకరిస్తారు. పక్కింటి కోడలు నీళ్ళకొస్తది. కుక్క వెంటబడుద్ది. సగం దారిలో చల్లారుద్ది.” గోంగూర గిన్నె నావైపు జరిపింది. “ఈ దేశం వచ్చి వార్డులో నిలబడ్డ మొదటి వారంలోనే తెలిసిపోయింది పద్మా, ఇక్కడ మంచం కింది డబ్బా ఇదే. అక్కడ మందు నాకు కాస్త టైమిచ్చేది. ఇది ఇవ్వదు. టైఫాయిడ్ వస్తే నీళ్ళు చూస్తాం. మలేరియా వస్తే దోమని చూస్తాం. దీనికి మాత్రం చచ్చినోణ్ణి పిరికోడంటాం, చంపినోణ్ణి పిచ్చోడంటాం, ఇంటికి పోతాం. నీళ్ళు ఎవడూ చూడడు. ఇది జబ్బమ్మాయ్, ఊరంతా పాకే జబ్బు.” ఆ రోజు పచ్చడి ఆవిడే నూరింది, నా చేతికిస్తే ఉప్పు తక్కువేస్తానని.

ఆ మరుసటి సంవత్సరం మావైపు ఇండియన్ ఇళ్ళల్లో వరసగా దొంగతనాలయ్యాయి. బంగారం కోసమే. వాట్సాప్ గ్రూపులన్నీ అదే గోల. అప్పుడు తుపాకీ మాట తెచ్చింది మురళి. చందు ఆఫీసులోనే పనిచేసేవాడు, ఇద్దరూ జానీ దోస్తులు. బిర్యానీ వండితే నలభై మందికి వండేవాడు, మనిషి ఎక్కడుంటే అక్కడ నవ్వులు. గ్రీన్‌కార్డు లేనిదే ఇక్కడ మామూలుగా మనవాళ్ళకి తుపాకీ అమ్మరు. అది ఇద్దరికీ వచ్చింది గనక తను ఒకటి కొనుక్కున్నాడు, మా తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఇంకొకటి కొనిపించాడు. శనివారాలు ఇద్దరూ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, చెవులకి పెద్ద పెద్ద మూతలు పెట్టుకుని ఫోటోలు దిగేవాళ్ళు. ఆ ఫోటో చూసి నేను చందు ఇంటికి వెళ్ళి అరిచాను.

“మన జగిత్యాలల పాము కనవడితే పక్కింటోళ్ళను పిలిచేటోనివి. నీకు తుపాకెందుకురా?”

“సేఫ్టీ కోసం అక్కా. ఏం కాదు, ఊకె టెన్షన్ పడకు.”

“ఎక్కడ పెట్టినవ్?”

“బంగారం సూట్‌కేసుల. ఎవ్వరికి తెల్వది.”

వాడి కూతురు అన్వికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కౌంటర్ దగ్గర కూర్చుని పాలల్లో సీరియల్ తింటోంది. “నాకు తెలుసు అత్తా,” అంది తల ఎత్తకుండా, తన అమెరికా యాసలో. “నా వడ్డాణం కింద ఉంది. ఇట్స్ హెవీ.”

చందు మొహం పాలిపోయింది. వాడి భార్య స్వాతి స్టవ్ కట్టేసి అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. హెవీ అని ఆ పిల్లకి ఎలా తెలిసిందో అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఆ సాయంత్రమే ఈ సంగతి ఎస్తేరు ఆంటీకి చెప్పాను. మర్నాడు ఆవిడ తన కారేసుకుని, దారి పొడుగునా హారన్లు కొట్టించుకుంటూ వాడింటికి వెళ్ళి, ఇనప పెట్టె కొనేదాకా సోఫాలోంచి లేవలేదు. పెట్టె వచ్చింది. తుపాకీ అందులోకి వెళ్ళింది. పెట్టె మళ్ళీ అదే సూట్‌కేసులోకి వెళ్ళింది. తాళంచెవి ఆ సూట్‌కేసు పై జేబులోకి వెళ్ళింది. ఇంజనీరింగ్ చదివినవాడు చేసిన పని ఇది. నెత్తీ నోరూ కొట్టుకున్నా, దున్నపోతు మీద వాన కురిసినట్టే.

తర్వాత లేఆఫ్స్ వచ్చాయి. చందుకీ మురళికీ ఒకే వారంలో ఉద్యోగాలు పోయాయి. చందు గడ్డం పెంచుకుని గదిలో పడి ఉండేవాడు. మురళి మాత్రం పైకి అలాగే నవ్వుతూ, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, అయిపోతుంది అనేవాడు. ఒక మధ్యాహ్నం భార్య లలిత పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు మురళి తన గరాజ్‌లో చనిపోయాడు. తుపాకీ చప్పుడు పక్కింటివాళ్ళు విన్నారు. పోలీసు కార్లు వీధంతా చూసింది. సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చింది: మన ప్రియమైన మురళి సడన్ కార్డియాక్ అరెస్ట్‌తో మనల్ని విడిచి వెళ్ళారు.

అలా రాయమని లలితకి చెప్పింది మన పెద్దమనుషులే. ఆడపిల్లలున్నారమ్మా, రేపు పెళ్ళిళ్ళు కావాలి, ఇండియాలో పెద్దవాళ్ళు తట్టుకోలేరు, పరువు అన్నారట. కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. పూలదండ వేసిన ఫోటోలో మురళి నవ్వుతున్నాడు. ఒకాయన మైకు పట్టుకుని కొలెస్ట్రాల్ గురించి చెప్పాడు. ఇంకొకాయన పొద్దున్నే నడక ఎంత మంచిదో చెప్పాడు. అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. ముందు వరసలో లలిత తల దించుకుని కూర్చుని, తన భర్త గుండె ఎందుకు ఆగిందో వింటోంది. నేను జీవితంలో చాలా అబద్ధాలు విన్నాను గానీ అంత సిగ్గుమాలిన అబద్ధం వినలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఎస్తేరు ఆంటీ లేచింది. మైకు అడగలేదు. మురళి పేరెత్తలేదు.

“ఈ హాల్లో ఎంతమంది ఇళ్ళల్లో తుపాకుంది? తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

ఒక్కరూ కదల్లేదు. సభ నడిపిస్తున్నాయన గొంతు తగ్గించి, “మేడమ్, ఇది టైమ్ కాదండీ” అన్నాడు.

“ఇంకెప్పుడయ్యా? వచ్చే సంతాప సభలోనా?”

ఇద్దరు మగవాళ్ళు వచ్చి మర్యాదగా ఆవిడ భుజాలు పట్టుకుని బయటికి నడిపించారు. నేను వెనకాలే వెళ్ళాను. పార్కింగ్ లాట్‌లో ఆవిడకి కారు తలుపు తెరుచుకోవడం లేదు. అప్పుడు లలిత వచ్చింది, చెప్పులు కూడా లేకుండా. ఆంటీ చెయ్యి పట్టుకుని, “ముందే ఎవరైనా అడిగుంటే చెప్పేదాన్ని ఆంటీ. రాత్రుళ్ళు నిద్రపోవట్లేదని చెప్పేదాన్ని. అది ఎక్కడుందో కూడా చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలేదు” అంది. ఆంటీ లలితను దగ్గరికి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

మురళి దోమ కుట్టి పోయి ఉంటే ఆ సాయంత్రమే మేమందరం పెరట్లో నిలిచిన నీళ్ళు పారబోసుకునేవాళ్ళం. తిన్న తిండి పడక పోయి ఉంటే ఆ హోటల్ పేరు ప్రతి గ్రూపులోనూ తిరిగేది. ఇది మాత్రం గుండెపోటు అయిపోయింది గనక ఏ ఇంట్లోనూ ఏ సూట్‌కేసూ తెరుచుకోలేదు. మనవాళ్ళొక్కళ్ళనే తిట్టి ఏం లాభం. మేఘన కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడే దానికి స్కూల్లో తుపాకీవాడొస్తే లైట్లార్పి, మూల నక్కి, నోరు మూసుకుని కూర్చోవడం నేర్పారు. ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ కింద దూరి ఎలా కూర్చోవాలో నాకు చూపించింది. ఐదేళ్ళ పిల్లకి దాక్కోవడం నేర్పిన దేశానికి, మురళి లాంటి ముప్పై ఐదేళ్ళవాణ్ణి ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటం. టీవీలో ఎప్పుడైనా కాల్పులు జరిగిన ఒక స్కూలో, ఒక షాపింగ్ మాలో కనిపిస్తే రెండు రోజులు మాట్లాడుకుంటాం. గరాజుల్లో, బెడ్‌రూముల్లో ఒక్కొక్కరుగా పోయేవాళ్ళు టీవీలో కూడా రారు.

సభ జరిగిన మర్నాడే ఆంటీ, నేనూ చందు ఇంటికి వెళ్ళాం. వాడు గదిలోంచి రానన్నాడు. ఆంటీ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

“పెట్టె తాళంచెవి ఇవ్వు నాయనా.”

“ఎందుకాంటీ? నేనేమన్న పిచ్చోన్ననుకుంటున్నరా?”

“లేదయ్యా. ఉద్యోగం పోయి, దోస్తు పోయి, నిద్రలేకుండా ఉన్నావనుకుంటున్నా. నీ చోట నేనున్నా నా తాళంచెవి నేను పెట్టుకోను.”

స్వాతి సూట్‌కేసు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. “రెండోది?” అంది ఆంటీ. స్వాతి చందు వైపు చూసింది. “ఏ తాళానికైనా రెండుంటాయి. రెండోది?” చందు లేచి డ్రాయర్ లాగి దాన్ని నేలమీద విసిరికొట్టాడు. నావైపు చూసి, “నువ్వు కూడ వచ్చినవా అక్కా, నా ఇజ్జత్ తీస్తందుకు” అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడ్డం మానేశాడు. ఆంటీ రెండు తాళంచెవులనీ తన వంటింట్లో, బైబిల్ వాక్యాల క్యాలెండర్ కింద ఉన్న మేకుకి తగిలించింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఇంటి నుంచే పనిచేసుకుంటున్నాను. బయట చందు కారు ఆగింది. నాతో మాట్లాడ్డానికి వచ్చాడేమో అని సంతోషపడి తలుపు తీశాను. వాడు నా గుమ్మం వైపు చూడనైనా చూడలేదు. స్వెటర్ లేదు, ఆ చలిలో టీషర్టు మీద ఉన్నాడు. ఆంటీ తలుపు కొడుతున్నాడు. నేను పరుగెత్తాను.

“నా కీ ఇయ్యండి ఆంటీ.”

ఆంటీ వాడి మొహంలోకి చూసింది. తలుపు బార్లా తీసింది. “ఇస్తా. చెప్పులిప్పి లోపలికి రా.”

“నాకు టైమ్ లేదు.”

“ఎక్కడికి పోవాల?”

వాడు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

“అన్నం తిన్నావా?”

“ఆకలి లేదు.”

“పెరుగన్నం కలిపా ఇప్పుడే. తిను. తిన్నాక మాట్టాడదాం. తాళంచెవి ఎక్కడికీ పోదు, అదిగో, ఆ మేకుకే ఉంది.”

అది నిజంగానే అక్కడుంది, వాడి చెయ్యి అందేంత దూరంలో. వాడు మేకు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆ మేకుకీ వాడికీ మధ్య ఇంట్లో కూడా విప్పని ఆ తెల్ల నర్సు బూట్లు వేసుకుని ఆవిడ నిలబడి ఉంది, చేతిలో స్టీలు గిన్నె. వాడు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలో ఉండగానే ఏడ్చేశాడు.

“ఇంట్ల ఎవ్వరు లేరాంటీ. పెట్టె ముందట కూసున్న. కీ లేదు. కీ లేదని యాదికొచ్చి ఇంత కోపమొచ్చింది మీ మీద.”

“నా మీదేగా. రానీ. ఇంకా ఉంటే తిట్టు.” ఆవిడ పక్కన కూర్చుని పెరుగన్నం అంటిన వాడి చేతిని తన రెండు చేతుల్తో పట్టుకుంది. కాసేపయ్యాక, “ఊరగాయ వెయ్యనా?” అంది. వాడు తల ఊపాడు. వాడు తింటుండగానే ఆవిడ డాక్టర్‌కి ఫోన్ చేసింది. నేను డ్రైవ్ చేశాను. ఆంటీ వెనక సీట్లో వాడి పక్కనే కూర్చుంది, ఆసుపత్రి వచ్చేదాకా వాడి చెయ్యి వదల్లేదు.

వాడు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. మందులు, కౌన్సిలింగు, మధ్యలో మళ్ళీ చెడ్డ రోజులు. అయినా బతికి ఉన్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు, కూతురి చేత లెక్కలు చేయిస్తున్నాడు. వాడి మంచం నుంచి క్లోజెట్‌లో పెట్టెదాకా చెయ్యంత దూరం. వాడింటి నుంచి ఆంటీ ఇంటిదాకా అన్నీ సిగ్నల్సే. ఆ రోజు ఆ దారిలో పడిన ప్రతి రెడ్ లైటుకీ నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను. మురళికి ఒక్క రెడ్ లైటు కూడా పడలేదు. అది తలుచుకుంటే దణ్ణం పెట్టిన చేతులే పిడికిళ్ళవుతాయి.

హాల్లోంచి ఆవిడను బయటికి నడిపించిన వాళ్ళు మళ్ళీ ఏ ఫంక్షన్‌కీ పిలవలేదు. కానీ వాళ్ళ భార్యలు వచ్చేవాళ్ళు. పగటిపూట, మగవాళ్ళు ఆఫీసుల్లో ఉన్నప్పుడు. తమ ఇంటి తుపాకీ పెట్టె తాళంచెవి టిష్యూ పేపర్లో చుట్టి తెచ్చేవాళ్ళు. “ఆంటీ, ఇది మీ దగ్గర ఉంచండి. మా ఆయన్ని ఒప్పించే ఇస్తున్నాను గానీ బయట ఎవరికీ చెప్పకండి” అనేవాళ్ళు. మేకు చాలక ఇంకో మేకు కొట్టించింది. ఎదుట పడితే పలకరించని వాళ్ళు, ఇంట్లో భయాన్ని మాత్రం తెచ్చి ఆవిడ గోడకి తగిలించి పోయేవాళ్ళు. నాకు చిర్రెత్తుకొచ్చేది. “మొహం మీద తలుపేసినోళ్ళకి మీరెందుకు చెయ్యాలె?” అన్నాను. “తలుపు నా మొహం మీద వేశారు గానీ తాళంచెవి తెచ్చిచ్చారుగా. అది చాల్లే” అంది.

పోయిన శీతాకాలం ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. మంచం మీద నుంచే నాకు ఆ తాళంచెవులన్నీ అప్పగించింది. ఏది ఎవరిదో ఒక్కొక్కటీ చేత్తో తడిమి చెప్పింది. “మొహమాటపడమాక పద్మా. అడుగు. తిడతారు, తిట్టించుకో” అంది. ఆవిడ పోయాక చర్చిలో చాలామంది మాట్లాడారు. ఎంత మంచి మనిషో, ఎంతమందికి అన్నం పెట్టిందో, ఎంత బాగా పాడేదో చెప్పారు. ఆవిడ ఏం అడిగేదో ఒక్కరూ చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను ఆ ప్రశ్నే అడిగి కూర్చున్నాను. చర్చంతా నిశ్శబ్దం. అదే నిశ్శబ్దం, మురళి సభలో విన్నదే.

ఇక ఓణీల ఫంక్షన్ రోజు. అన్వికి వడ్డాణం పెట్టాను. పొడుగైంది పిల్ల, రెండు కొక్కేలు వదులు చేయాల్సొచ్చింది. సూట్‌కేసులో ఇప్పుడు చీరలూ గాజులే ఉన్నాయి. తుపాకీ ఉన్న పెట్టె గరాజ్‌లో గోడకి బిగించి ఉంది. దాన్ని వదిలించుకోరా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా, అమ్మేస్తా అక్కా, చూస్తా అక్కా అంటూనే ఉన్నాడు. ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఫంక్షన్లో కొత్తగా ఈ ఊరొచ్చిన ఒక జంట పరిచయమైంది, చంకలో చిన్నబాబు. బాబుని ఎత్తుకుని, మీ ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగాను. ఆ అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం నావైపే చూస్తూ ఉండిపోయింది. ఆ అమ్మాయి ఫోన్ నంబర్ తీసుకున్నాను.

అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో మిగిలిన కూరలు డబ్బాలకెత్తుతున్నాను. చందు వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. పొద్దుట్నుంచీ నవ్వుతూ తిరిగినవాడు, ఇప్పుడు మొహంలో నవ్వు లేదు.

“అక్కా, ఆ కీ నీ దగ్గర్నే ఉన్నదా?”

గరిటె నా చేతిలో ఆగిపోయింది. “ఎందుకు?”

“ఆఫీసుల మళ్ళ లేఆఫ్స్ అంటున్నరు.” గోడ వైపు చూస్తూ అన్నాడు. “నేనొచ్చి అడిగినా ఇయ్యకు.”

ఆ పెట్టె ఇంకా ఆ గరాజ్‌లో ఎందుకుందిరా అని అరవాలనిపించింది. రేపు పొద్దున్నే నేనే వచ్చి దగ్గరుండి వదిలిస్తాను, ఆ మాట కూడా చెప్పాలి. కానీ నేను అడగకముందే వాడే వచ్చి చెప్పాడు, ఈ రాత్రికి అది చాలు.

“తిన్నవా?” అన్నాను.

“లేదక్కా, వచ్చినోళ్ళను చూసుకునుడే అయింది.”

పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని వాడికి అన్నం కలిపాను.